రెండో విడత మాట ఒక్కటి ముందు నేర్పరా

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడందరం బాగున్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది. నీ వాటా ఆవకాయ చిన్న జాడీలో తీసి పెట్టింది. నీ గొడుగు నా దగ్గరే ఉంది, ఇవ్వను. వార్తలు అయిపోయాయి.

మీ ఇంజనీరింగ్ కాలేజీలో అడ్మిషన్ సెల్ నీ నెత్తిన పెట్టారని, సిబ్బందికి రెండు రోజుల సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ పెట్టిస్తున్నారని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గరే నా బండి ఆగిపోయింది. నవ్వడం నేర్పడానికి డబ్బులిచ్చి మనిషిని పిలవాలట్రా? మీ కౌంటర్లో కూర్చునే పిల్లలకి నవ్వడం వచ్చు, మర్యాద వచ్చు. వాళ్ళకి రానిది కౌన్సెలింగ్, అంటే తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకుల మీద విడతలుగా సీట్లు పంచే పద్ధతి. నవ్వుతూ తప్పు చెప్తే తండ్రి ఇంకా గట్టిగా నమ్ముతాడు, అదీ ప్రమాదం.

ఒక్క ప్రశ్న తీసుకో. ప్రతి జూలైలో ఫోన్ మోగించే ప్రశ్నే: "మేడమ్, మా అబ్బాయికి మొదటి విడతలో మీ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచి వచ్చింది. రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి సార్, పోయేదేముంది!" అంటారు మనవాళ్ళు.

పోయేది సీటేరా! రెండో విడతలో కావాలని వరసగా పెట్టిన కాలేజీ, బ్రాంచి ఆప్షన్లలో ఏ ఒక్కటి వచ్చినా మొదటి సీటు దానంతటదే రద్దయిపోయి వెనక ర్యాంకు వాడికి వెళ్ళిపోతుంది. "వద్దులెండి, పాతదే ఉంచుకుంటాం" అనడానికి లేదు. పెట్టినవాటిలో ఏదీ రాకపోతేనే పాతది మిగులుతుంది. ఇప్పుడు ఆ తండ్రి ఏం చేస్తాడంటే, ఎందుకైనా మంచిదని నలభై ఆప్షన్లు నింపుతాడు. ముప్పై ఎనిమిదో వరసలో ఎక్కడో అరవై కిలోమీటర్ల అవతలి కాలేజీ సివిల్ ఉంటుంది. పైవి ముప్పై ఏడూ దొరకవు, అది దొరుకుతుంది. చేతిలో ఉన్న ఈసీఈ పోయి సివిల్ వచ్చింది. కంప్యూటర్‌కి అబ్బాయి మనసు తెలీదు. ర్యాంకు, రిజర్వేషను, ఆప్షన్ల వరస, ఇంతే దాని లోకం. మర్నాడు ఆ తండ్రి మీ గేటు దగ్గర నిలబడతాడు, "మీ మేడమే చెప్పింది" అని. ఆ మేడమ్‌కి ఏం తప్పు చెప్పిందో అప్పటికీ అర్థం కాదు.

సరైన జవాబుకి ముందు ఎదురు ప్రశ్నలు వేయడం రావాలి. మొదటి సీటుకి ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అదే సీటు తీసుకుంటున్నామని నమోదు, చేశారా? చేయకపోతే గడువు దాటగానే ఆ సీటు ఎలాగూ పోయింది, ఇక మాట్లాడేదే వేరు. చేసుంటే, దీనికంటే కచ్చితంగా ఎక్కువ కావాలనుకునేవి ఉన్నాయా? లేకపోతే రెండో విడత జోలికే వెళ్ళొద్దు. ఉంటే అవి మాత్రమే పెట్టండి, నాలుగైనా సరే, ఇష్టం వరసలో.

ఆ వరస దగ్గరే ఇంకో జబ్బు. "వచ్చే అవకాశం ఉన్నవి పైన పెట్టండి" అని సలహా ఇస్తారు. తలకిందులు! రాని కాలేజీని ఒకటో నంబరులో పెట్టినంత మాత్రాన రెండో నంబరు అవకాశం వీసమెత్తు తగ్గదు. కానీ వచ్చేదాన్ని పైన పెడితే దాని కింద ఉన్న మంచివి ఇక చూడనే చూడదు. ఇక "మా కాలేజీ ఒకటో ఆప్షన్‌గా పెట్టండి" అని చెప్పేవాళ్ళున్నారే, వాళ్ళకి ట్రైనింగ్ లోటు లేదు, టార్గెట్ ఎక్కువైంది. ఆ మందు నీ పై వాళ్ళకి వెయ్యాలి. నువ్వు వేస్తావా?

ఇది బోర్డు మీద రాసి చెప్తే ఎక్కదురా. చీటీలాట ఆడించు. ఆరుగురిని కూర్చోబెట్టి ఒకటి నుంచి ఆరు దాకా ర్యాంకులివ్వు. ఐదు సీట్ల చీటీలు బల్ల మీద పెట్టు: రెండు కాలేజీల్లో చెరో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), చెరో ఈసీఈ, మూడో దాంట్లో సివిల్. ఎవరి ఆప్షన్లు వాళ్ళు కాగితం మీద రాసుకోవాలి. ఏడోవాడు కంప్యూటర్. ర్యాంకు వరసలో పిలిచి, కాగితం పైనుంచి కిందకి చదువుతూ, ఖాళీగా ఉన్న మొదటిది ఇచ్చేస్తాడు. ఒక విడత అయ్యాక ఒకటో ర్యాంకు వాడు ఐఐటీకి వెళ్ళిపోయాడనుకుని అతని చీటీ బల్ల మీద పడెయ్, రెండో విడత ఆడించు. చేతిలో ఉన్న ఈసీఈ చీటీ లాక్కుని పక్కవాడికి ఇచ్చేసినప్పుడు మొహం చూడాలి. ఇరవై నిమిషాల ఆట. రెండు రోజుల నవ్వుల క్లాసు కంటే ఇదే నయం.

సరే, ఆవేశం తగ్గింది. మిగతావి గబగబా రాస్తాను.

కటాఫ్ పట్టిక చదవడం. పోయినేటి చివరి ర్యాంకుల పట్టిక చేతికిచ్చి, "బీసీ-ఏ అబ్బాయి, 42,000 ర్యాంకు, సీఎస్ఈ వస్తుందా?" అని అడుగు. సగంమంది ఓసీ కాలమో, అమ్మాయిల కాలమో చూసి చెప్తారు. అది ఏ విడత పట్టికో ఎవరూ చూడరు. చివరి విడతలో ర్యాంకు కిందకి జారి ఉంటుంది, దాన్ని పట్టుకుని మొదటి విడతలో ఆశ పెడితే గొడవే. "వస్తుంది" అన్న మాట నిషేధించు. "పోయినేడు ఈ విడతలో ఇంతవరకు వచ్చింది" అనాలి.

"ఫ్రీ సీటు" అన్న మాట కూడా నిషేధించు. బీసీ పిల్లాడికి 10,000 లోపు ర్యాంకైతే రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే ఫీజు, పూర్తిగా. దాటితే మామూలుగా రూ.35,000 వరకే. కాలేజీ ఫీజు రూ.90,000 అయితే ఇంట్లోంచి రూ.55,000 తేవాలి, ఏడాదికి. ఎస్సీ, ఎస్టీలకి లెక్క వేరు. ఆదాయ పరిమితి పల్లెకో తీరు, పట్నానికో తీరు: బీసీలకి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి, ఇది మర్చిపోయి సర్టిఫికెట్లు తనిఖీ చేసే హెల్ప్‌లైన్ సెంటర్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేవాళ్ళు ఎందరో. మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం సీట్లకీ, విడతలయ్యాక మిగిలిన సీట్ల స్పాట్ అడ్మిషన్లకీ రీయింబర్స్‌మెంట్ లేదు. ఇది ఫీజు కట్టించుకున్నాక చెప్పడం కాదు, ముందే చెప్పాలి.

లోకల్, అంటే తెలంగాణ స్థానికుడా కాదా అన్న సంగతి మీ ఖమ్మం వైపు మరీ ముఖ్యం, పిల్లలంతా విజయవాడ హాస్టళ్ళలోనే కదా. పది దాకా ఖమ్మంలో చదివి ఇంటర్ విజయవాడలో చేస్తే, వెనక్కి ఏడేళ్ళు లెక్కేస్తే ఐదేళ్ళు ఇక్కడివే, కాబట్టి లోకలే. తొమ్మిది నుంచే అక్కడ చదివితే వరసగా నాలుగేళ్ళు అక్కడివి, కథ మారిపోయింది. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది అందుకే. ఇక స్థానికులకి కేటాయించని 15 శాతం ఓపెన్ కోటా గురించి పాత పాట పాడుతున్నవాళ్ళని ఆపు. 2025 నుంచి ఆ నిబంధనలు మారాయి. ఆంధ్ర నుంచి ఫోన్ చేసేవాళ్ళకి "రండి రండి" అనేముందు కొత్త జీవో చదివించు.

ఆ, ఓటీపీ! పిల్లాడి లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ అడిగి మనమే ఆప్షన్లు పెట్టడం, అది సేవ కాదురా. ఒక్కరు చేసినా పని మాన్పించు. వెనక్కిచ్చే ఫీజు గురించీ చెప్పు: తరగతులు మొదలుకాకముందే సీటు వదులుకుంటే, సాంకేతిక విద్యకి కేంద్ర మండలి ఏఐసీటీఈ నిబంధన ప్రకారం రూ.1,000కి మించి కోయకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదు. మీ అకౌంటెంట్‌కి ఇది తెలుసో లేదో ముందు అతన్నే అడుగు.

అసలు ఎవరికేం నేర్పాలో ఎలా తేలుతుందంటావా? పోయిన సీజన్ కాల్ రికార్డింగులు ఉంటాయిగా, ఒక ముప్పై విను. కాగితం మీద మూడు గళ్ళు: ఏం అడిగారు, ఏం చెప్పారు, అది కరెక్టా. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో అదే చెప్తుంది. సీజన్‌కని పెట్టుకున్న టెలికాలర్లది ఒక లోటు. మే ఎండల్లో జూనియర్ కాలేజీల చుట్టూ తిప్పే లెక్చరర్లది వేరు. వాళ్ళకి వీఎల్ఎస్ఐ (చిప్‌ల డిజైన్) తెలుసు, సర్టిఫికెట్ల తనిఖీకి స్లాట్ బుకింగ్ తెలీదు. పైగా న్యాక్ అంటే కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ అంటే ఒక్కో కోర్సుకి ఇచ్చే నాణ్యత గుర్తింపు అని తేడా చెప్పలేక రెండూ కలిపేస్తారు. ప్యాకేజీ అడిగితే అందరికంటే ఎక్కువ వచ్చిన ఒక్కడి అంకె చెప్తారు, మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చిందో చెప్పరు. అందరికంటే ముందు వాచ్‌మన్. "అడ్మిషన్లు అయిపోయినయ్" అని గేటు దగ్గరే పంపేసేది అతనే. అతనికీ ఒక పూట కేటాయించు, టీ ఇప్పించు.

ఒక్క మాట మాత్రం అందరి నోటా పలకాలి: "కనుక్కుని సాయంత్రంలోపు ఫోన్ చేస్తాను." నంబరు రాసుకోవాలి, నిజంగా చెయ్యాలి. ఇది అన్నవాళ్ళని చులకన చేశావో, మర్నాటి నుంచి అందరూ "తప్పకుండా సార్" బాబులే. ఇంకోటి, ట్రైనింగ్ ఒకేసారి పెట్టి వదిలెయ్యకు. ఫలితాలకి ముందొకసారి, కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చిన మర్నాడు మళ్ళీ. తేదీలు, ఫీజులు, షరతులు అప్పుడే తేలతాయి. పాత కాగితాలు చించి పారెయ్, లేకపోతే ఎవడో ఒకడు పోయినేటి తేదీ చెప్తాడు.

డిగ్రీ వాళ్ళ ఆన్‌లైన్ అడ్మిషన్లు, అదే దోస్త్ గురించి కూడా రాద్దామనుకున్నా, అది ఇంకో పెద్ద

ఇదిగో, కింద హారన్ కొడుతున్నాడు. ఖమ్మం వచ్చేవాడే, ఉత్తరం, ఆవకాయ అతని చేతికే ఇస్తున్నాను. జాడీ తిప్పి పంపు.

నీ
గొడుగు దొంగ