యాక్షన్ ఆర్‌పీజీల్లో మాటల సంగతి

సంపాదకులకు,

వీడియో గేమ్‌ల, ముఖ్యంగా ఒక పాత్రగా పోరాడుతూ కథ నడిపే యాక్షన్ ఆర్‌పీజీల సమీక్షలు గ్రాఫిక్స్, ఫైటింగ్ దగ్గరే ఆగిపోతున్నాయి. సంభాషణ ఎక్కడ చెడుతుందో కూడా రాయండి.

2015లో వచ్చిన ఫాల్‌అవుట్ 4లో నాలుగు బటన్లకు నాలుగు జవాబులు. తెరమీద కనిపించేది రెండు మూడు ముక్కలే. నొక్కాక పాత్ర ఇంకేదో అంటుంది. పూర్తి వాక్యం చూపే మాడ్‌ను (గేమ్‌కు బయటివాళ్లు చేసే మార్పును) చివరికి ఆటగాళ్లే తయారుచేసుకున్నారు! అదే ఏడాది వచ్చిన విచర్ 3లో బ్లడీ బేరన్ అనే పాత్ర కథ చూడండి. తాగి భార్యను కొట్టినవాడు, అయినా పూర్తిగా అసహ్యించుకోలేం. ఈ కథలోనే చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మను వదిలేశామా, చంపేశామా అన్నదాని ఫలితం చాలాసేపటికి గానీ తేలదు. అప్పటికి పాత సేవ్‌కి (ముందు దాచుకున్న దశకు) వెళ్లి దిద్దుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఇక్కడ బెంగళూరులో గేమ్‌లు రాస్తున్న తెలుగువాళ్లకు ఒక మాట. పోరాటంలో శత్రువులు అరిచే వాక్యాలు సందర్భానికి మూడే రాస్తే అరగంటలో విసుగొస్తుంది. కనీసం పది రాసి, పలికినది వెంటనే మళ్లీ రాకుండా కూల్‌డౌన్ (కొంత విరామం) పెట్టండి. కథకు కీలకమైన మాట మాత్రం పోరాటంలో వద్దు. దెబ్బ తప్పించుకునేవాడు సబ్‌టైటిల్ చదవడు.

తెలుగులో రాస్తే మరో చిక్కు. పరిచయం పెరిగాక ‘మీరు’ ‘నువ్వు’గా మారాలంటే దానికో ఫ్లాగ్ (ఆ మార్పును కోడ్‌లో గుర్తుంచుకునే గుర్తు) ముందే ఉండాలి. ఆటగాడు పెట్టుకున్న పేరుకు కోడ్ గుడ్డిగా ‘కు’ తగిలిస్తే ‘రవికు’ అని వస్తుంది. పేరును పిలుపుగా మాత్రమే వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

– కొందరు గేమ్ రచయితలు, బెంగళూరు