ముందు మా చేతులు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మోకాళ్ల మీద, నడుం మీద, గుండె మీద డాక్టర్లు మీ పత్రికలో రాసినవి కత్తిరించి దాచుకునే అలవాటు నాకుంది. జాకెట్లు కత్తిరించే చేతికి అదొక సరదా. బొటనవేలి గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ముక్క కూడా నా కంటపడలేదు. అందుకే నేనే రాస్తున్నాను. డాక్టర్ని కాదు. గుంటూరు సంగడిగుంటలో 27 ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను.

నాకిది నిరుడు శ్రావణమాసంలో మొదలైంది. వరలక్ష్మీ వ్రతం ముందు వారం మాకు నిద్ర ఉండదు. లైనింగ్ జాకెట్లకి గుడ్డ నాలుగు మడతలు వేసి మీరట్ కత్తెర ఆడిస్తుంటే, కుడి బొటనవేలి మొదట్లో సూది గుచ్చి తిప్పినట్టు ఉండేది. పండగ వెళ్తే అదే పోతుందిలే అనుకున్నాను. దసరాకి కొబ్బరినూనె సీసా మూత తిప్పలేని స్థితికి వచ్చాను. షాపు తాళం తియ్యడానికి ఎడమ చెయ్యి సాయం కావాల్సి వచ్చేది. ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారి, ఫాల్స్ కుట్టమని ఇచ్చిన పట్టుచీర మీద ఒలికింది. డ్రైక్లీనింగ్ డబ్బులు నావే.

తర్వాత అందరూ చేసేదే నేనూ చేశాను. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కున్నాను. బలానికని సూదులు వేయించుకున్నాను. బెణికిందేమోనని ఒకావిడ నూనె రాసి వేలు లాగింది. ఆ రాత్రి నేను పడ్డ బాధ పగవాళ్లకి కూడా వద్దు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు గారు నా చెయ్యి ముట్టుకోకుండానే నరాల బలహీనత అన్నారు. మూడు నెలలకు సరిపడా మాత్రలు రాశారు. నొప్పి నొప్పిలాగే ఉంది, పైగా కడుపులో మంట మొదలైంది.

ఫిబ్రవరిలో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట అడిగిన మాట, "అమ్మా, మీరేం పని చేస్తారు?" అని. కత్తెర ఎలా పడతారో చూపించమన్నారు. బొటనవేలి మొదట్లో ఎముకని పట్టుకుని, లోపలికి నొక్కుతూ కాస్త తిప్పారు. కరకరమంది, నేను కేక పెట్టాను. ఎక్స్‌రే చూసి, ఆ కీలు అరిగిందన్నారు. గుర్రం మీద వేసే జీను ఆకారంలో ఉంటుందట అది. బొటనవేలు అన్ని వైపులా తిరిగి మిగతా వేళ్లని అందుకునేది దాని పుణ్యమే. వేళ్ల కొసలతో కిలో బరువంత నొక్కితే ఆ కీలు మీద పన్నెండు కిలోల దాకా పడుతుందని ఆయన చెప్పగానే నాకు లెక్క మొదలైంది. రోజుకి ఆరు జాకెట్లు, 27 ఏళ్లు... మధ్యలోనే ఆపేశాను. ముట్లు ఆగిన వయసు ఆడవాళ్లలో ఈ అరుగుదల ఎక్కువట.

సరిగ్గా అప్పుడే పురిటికొచ్చిన మా అమ్మాయి మా ఇంట్లో ఉంది. పాపకి మూడో నెల. తనకీ బొటనవేలి నొప్పే. ఇంకేముంది, నా మాత్రే తనకీ ఇచ్చాను. పాలిచ్చే పిల్లకి అడక్కుండా మాత్రలిస్తారా అని తర్వాత డాక్టరు గారితో చీవాట్లు తిన్నాను. తన నొప్పి కీలులో కాదు, మణికట్టు పక్కన. బొటనవేలిని పిడికిట్లో పెట్టి చెయ్యి చిటికెనవేలి వైపు వంచమంటే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలిని పైకి లేపే తాళ్లలాంటి స్నాయువులు రెండు అక్కడొక ఇరుకు సందులోంచి వెళ్తాయట, అక్కడే ఒరుసుకుని వాస్తాయట. డి క్వెర్వేన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లోనే దీని గురించి రాశాడు. మా అత్తగారైతే బాలింత వాతం అని ఊరుకునేవారు. డాక్టరు గారు చంటిదాన్ని చంకల కింద బొటనవేళ్లు పెట్టి ఎత్తడం మాన్పించి, అరచేతులు కిందకి పోనిచ్చి ఎత్తమన్నారు. వేలు కదలకుండా పట్టీ ఇచ్చారు. ఐదారు వారాల్లో తగ్గింది.

అసలు నా చేత ఈ ఉత్తరం రాయించింది మా పక్కింటి వదిన. మిర్చి సీజన్లో కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తియ్యడానికి వెళ్తుంది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా బొటనవేలు, చూపుడువేలు నొక్కి తుంచడమే పని. "బొటనవేలు లాగేస్తోంది, చెంబు కూడా నిలవట్లేదు వదినా" అంటే, అప్పటికి సగం డాక్టరైపోయిన నేను, నాలాగే అరుగుదలే అని తేల్చేశాను. తప్పు. తను రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటుంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారతాయి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది. ఈ సంగతి తను చెప్పలేదు, నేను అడగలేదు. మణికట్టులో నరం నొక్కుకుపోయిందని నరాల పరీక్షలో తేలింది. థైరాయిడ్ కూడా ఉందని రక్తపరీక్షలో బయటపడింది. రెండు అరచేతులూ పక్కపక్కన పెడితే, బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ ఒక చేతిలో పల్చబడిపోయింది. గుడ్డ కొలిచే నా కంటికే తెలిసిపోయింది. మరి రెండేళ్లుగా తను మందులు వాడుతున్న చోట ఎవరికీ ఎందుకు తెలియలేదు? మే నెలలో ఆపరేషన్ అయింది. తిమ్మిరి పోయింది. కండ మాత్రం ఇంకా తిరిగి రాలేదు, పూర్తిగా వస్తుందని డాక్టర్లు కూడా మాటివ్వలేదు.

ఇవి కాక ఇంకా ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకి వేలు మడిస్తే టక్కుమని ఇరుక్కోవడం, బండి మీంచి పడ్డప్పుడు లిగమెంటు తెగడం, మెడ దగ్గర నరం ఒత్తుకుపోవడం. పొద్దున్న లేవగానే రెండు చేతుల కీళ్లూ గంటకి పైగా బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతమేమో చూపించుకోవాలి. వీటన్నిటికీ ఒకటే నొప్పి బిళ్ల ఎలా పనిచేస్తుంది?

మా పేటలో వైద్యశిబిరం పెట్టినప్పుడల్లా బీపీ, షుగర్ చూస్తారు. సంతోషం. ఆ వరుసలో నిలబడేది సగం మంది మిర్చి కూలీలు, మిషన్ కుట్టేవాళ్లు. ఏం పని చేస్తావు, రాత్రి తిమ్మిరి వస్తుందా అని అడిగి, అరచేతులు ఒకసారి తిప్పి చూడటానికి ఒక్క నిమిషం చాలు. శిబిరాలు పెట్టేవాళ్లు ఈ మాట చెవిన వేసుకోవాలి. మీరూ ఎవరైనా చేతి సర్జన్ చేత, సీజన్ మొదలయ్యే జనవరిలోగా, బొమ్మలతో సహా ఒక పేజీ రాయించండి. మా వదిన లాంటివాళ్లు చదవలేకపోయినా బొమ్మలు చూస్తారు.

నా సంగతంటారా, ఒక ఇంజెక్షన్ చేయించుకున్నాను, పట్టీ వేసుకుంటున్నాను. మీరట్ కత్తెర పక్కన పెట్టి తేలికది కొన్నాను, పిడికి గుడ్డ చుట్టాను. నాలుగు మడతలు మానేసి రెండు మడతలే కత్తిరిస్తున్నాను. కాజాలు, హెమ్మింగ్ బయటికిస్తున్నాను కాబట్టి జాకెట్టుకి మిగిలేది తగ్గింది. ఈ ఉత్తరం నేను చెప్తుంటే మా అబ్బాయి రాశాడు.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
సంగడిగుంట, గుంటూరు