వెనక సందు కూడా కట్టడమే

సంపాదకులు గారికి,

లండన్ బెల్‌గ్రేవియా భవనాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి, ఉత్తరం రాయాలా వద్దా అని కొన్నాళ్లు తటపటాయించాను. దాన్ని ఆకాశానికెత్తుతూ తరువాతి వారం అచ్చయిన ఉత్తరాలు చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. తెల్లటి గచ్చు గోడలనూ, గుమ్మం ముందరి స్తంభాలనూ రెండు పేజీల నిండా వర్ణించిన వ్యాసకర్త, ఆ ఇళ్ల వెనక ఉన్న మ్యూస్ సందులను, అంటే గుర్రాలూ బగ్గీలూ ఉంచడానికి కట్టిన కొట్టాల వరుసలను మాత్రం 'పాత కార్ల షెడ్లు' అని ఒక్క ముక్కలో తేల్చిపారేశారు. వేసిన ఫొటోలన్నీ వీధి వైపువే.

1820లలో థామస్ క్యూబిట్ అనే గృహనిర్మాత అక్కడ ఇళ్లు కట్టడం మొదలుపెట్టిన నాటికి కార్లు ఎక్కడివండీ? గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరుసలో పక్క నుంచి దారి ఉండదు గనుక బగ్గీ, గడ్డి, పేడ అన్నీ వెనక సందు గుండానే నడవాలి. అందుకే కింద బగ్గీ నిలిపే చోటు, గుర్రాల కొట్టం, పైన గడ్డి దాచే అటక, దాన్ని ఆనుకుని బండి తోలేవాడి కుటుంబం తల దాచుకునే ఇరుకు గదులు కట్టారు. ముందువైపు ఖరీదైన గచ్చు పూస్తే, వెనక అలంకారం లేని ఇటుకతోనే సరిపెట్టారు. సందు మొగలోని కమాను మూలల్లో, బండి చక్రం గోడను ఒరుసుకోకుండా పాతిన రాళ్లు ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తాయి. నేలకు పరిచిన గ్రానైటు దిమ్మలను, గుర్రాలను కడిగిన నీళ్లు పోయేలా, మధ్యకు వాలుగా అమర్చారు. చాలా మ్యూస్ ఇళ్లకు దొరగారి తోట వైపు కిటికీయే ఉండేది కాదు. నౌకర్ల చూపు తోటలో పడకూడదని గోడ కట్టేటప్పుడే ఆలోచించుకున్న మహానుభావులు! ఇంత చరిత్ర చెప్పే గోడ ముందువైపు స్తంభాలలో ఎక్కడుంది?

పత్రికలనే అనడమెందుకు, ఇక్కడి అధికారుల చూపూ ముఖద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లండులో రక్షిత జాబితాకెక్కిన ఇంటి ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న ఉపగృహాలు కూడా ఆ ఇంటిలో భాగమేనని 1990 నాటి చట్టం చెబుతోంది. అయితే వెనక కొట్టాన్ని విడిగా అమ్మేసిన చోట అది ఆవరణలోకి వస్తుందా రాదా అన్న వాదన లేస్తుంది. ఆ వాదన తేలేలోగా తాపీవాళ్లు లోపలికి దిగిపోతారు. మా ఇంటి వెనక సందులో జరిగింది అదే. అటకను, దూలాలను, కొట్టం అరలను ఊడబెరికి, వీధి వైపు గోడ ఒక్కటి నిలబెట్టి, దానికి 'పరిరక్షణ' అని పేరు పెట్టారు. అభ్యంతరం చెప్పిన మాకు కౌన్సిల్ నుంచి వచ్చిన జవాబు, పని ముగిశాక అందిన మర్యాదపూర్వకమైన రెండు వాక్యాలు.

హైదరాబాదులో ఉన్న మీ పాఠకులు దీన్ని చదివి నవ్వుకుంటారని తెలుసు. వారసత్వ కట్టడాలను కాపాడిన, నగర జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధనను 2015లో ప్రభుత్వం తీసేసి, 2017లో కొత్త చట్టం తెచ్చి, ఇర్రమ్ మంజిల్ అనే పాత నవాబు భవనాన్ని కూల్చబోతే 2019లో హైకోర్టు అడ్డుపడవలసి వచ్చిన ఊరు అది. అక్కడ ముఖద్వారానికే దిక్కు లేనప్పుడు దేవిడీల (నవాబుల, జాగీర్దార్ల పాత భవనాల) వెనక వంటశాలల మాట, గుర్రపుశాలల మాట ఎవరెత్తుతారు? అయినా అడుగుతున్నాను: ఏ దేవిడీ ఆవరణలో ఏయే ఉపగృహాలు మిగిలాయో, వాటి కొలతలేమిటో, అధికారులు ముందు కాగితం మీద పెట్టి ప్రజలకు చూపించాలి. ఆ పాటి పని కూడా హైకోర్టే చెప్పి చేయించాలా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
లండన్.