వుదరింగ్ హైట్స్: మళ్లీ చదివేటప్పుడు కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

వయసులో ఉండగా ఇష్టపడ్డ నవలల్ని మళ్లీ చదవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే అందులో ఎమిలీ బ్రాంటీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’ను అమర ప్రేమకథగా ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇరవై ఏళ్ల వయసులో ఆ పుస్తకం నిజంగానే అలా కనిపిస్తుంది. నలభై దాటి, చుట్టాల ఇళ్లల్లో నాలుగు భాగపంపకాలు చూశాక మళ్లీ తెరిస్తే, రెండిళ్ల ఆస్తి ఒక్క మనిషి చేతికి ఎలా చిక్కిందో పూసగుచ్చినట్టు చెప్పిన కథ కళ్లకు కడుతుంది. ప్రేమ అబద్ధమని అనను. ఆ ప్రేమ చెడ్డాక మిగిలిన కక్ష తనఖాగా, వీలునామాగా, బలవంతపు పెళ్లిగా ఎలా రూపం మార్చుకుందో పట్టించుకోకపోతే సగం నవల వదిలేసినట్టే. కౌళ్లు, తాకట్లు, మేనరికాలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గోదావరి డెల్టా పాఠకులకు ఈ సగం అర్థం కావడం కష్టం కాదు. ఎక్కడ చూడాలో తెలియాలి, అంతే.

ముందు మంచి ప్రతి సంపాదించాలి. పూర్తి నవలలో 34 అధ్యాయాలుంటాయి. 1847 డిసెంబరులో తొలి ముద్రణ రెండు సంపుటాలుగా వచ్చింది. మొదటిదాంట్లో 14, రెండోదాంట్లో 20 అధ్యాయాలు. (మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది కూడా ఆ ఏడాదే. ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి రచయిత్రి లేదు. 1848 డిసెంబరులో, ముప్ఫై ఏళ్లకే పోయింది.) కొన్ని ప్రచురణల్లో రెండో సంపుటం మళ్లీ ఒకటో అధ్యాయంతో మొదలవుతుంది. అందుకని చివర్లో 20 అని కనబడితే పుస్తకం కురచ చేశారనుకోవద్దు. నూటయాభై పేజీల్లో ముగిసిపోతే మాత్రం అది సంక్షిప్త ప్రతే. అలాంటివాటిలో మొట్టమొదట కోతపడేది వీలునామాల సంగతి, అంటే మనకు కావలసిన భాగమే. 1850లో అక్క షార్లెట్ ఈ నవలను మళ్లీ అచ్చువేయిస్తూ ముసలి పాలేరు జోసెఫ్ మాట్లాడే యార్క్‌షైర్ యాసను కొంత తేలిక చేసింది, పేరాలు కలిపింది. 1847 పాఠం ప్రకారం వేశామని ముందుమాటలో చెప్పిన ప్రతి దొరికితే అదే తీసుకోండి.

కథానాయిక పెద్ద క్యాథరీన్ (ఇదే పేరున్న కూతురు తర్వాత వస్తుంది) చనిపోయేది 16వ అధ్యాయంలో. అప్పటికి సగం పుస్తకం కూడా అవలేదు. 1939 నాటి హాలీవుడ్ సినిమా రెండో తరాన్ని పూర్తిగా వదిలేసింది. కథ క్యాథరీన్ చావుతో అయిపోయిందని చాలామందికి గుర్తుండటానికి అదో కారణం.

ఇక పటం. ఒక ఫుల్‌స్కేప్ కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని ఎడమవైపు వుదరింగ్ హైట్స్, అందులో ఎర్న్‌షాలు. కుడివైపు థ్రష్‌క్రాస్ గ్రేంజ్, అందులో లింటన్లు అని రాసుకోండి. రెండిళ్ల మధ్య దూరం నాలుగు మైళ్లు. ఎడమవైపు అన్నాచెల్లెళ్లు హిండ్లీ, క్యాథరీన్. కుడివైపు ఎడ్గర్, ఇసబెల్లా. మధ్యలో హీత్‌క్లిఫ్, పెద్ద ఎర్న్‌షా లివర్‌పూల్ నుంచి కోటులో చుట్టి తెచ్చిన దిక్కులేని పిల్లవాడు. ఆ ఇంట్లో అంతకుముందు పోయిన బిడ్డ పేరే అతనికి పెట్టారు. పేరైనా, ఇంటిపేరైనా అదొక్కటే. రెండో తరంలో ముగ్గురూ ఏకైక సంతానమే: హిండ్లీ కొడుకు హేర్టన్, ఎడ్గర్‌కూ క్యాథరీన్‌కూ పుట్టిన చిన్న క్యాథీ, హీత్‌క్లిఫ్‌కూ ఇసబెల్లాకూ పుట్టిన లింటన్. తల్లీకూతుళ్లది ఒకే పేరు, ఒకరి ఇంటిపేరు ఇంకొకరికి సొంతపేరు. పాఠకులు తప్పటడుగు వేసేది ఇక్కడే. పక్కన వరసలు రాసుకుంటే చిక్కు విడిపోతుంది. లింటన్ చిన్న క్యాథీకి మేనత్త కొడుకు, హేర్టన్ మేనమామ కొడుకు. ఆమె చేసుకున్న రెండు పెళ్లిళ్లూ మేనరికాలే.

పటం చేతికొచ్చాక మూడో అధ్యాయం తీయండి. అద్దెకు దిగిన లాక్‌వుడ్ మంచులో చిక్కుకుని ఆ రాత్రి హైట్స్‌లో ఉండిపోతాడు. పడకగదిలో కిటికీ గట్టు మీద రంగు గీకి రాసిన పేర్లు కనబడతాయి: క్యాథరీన్ ఎర్న్‌షా, క్యాథరీన్ హీత్‌క్లిఫ్, క్యాథరీన్ లింటన్. మొదటిసారి చదివినప్పుడు ఎవరో పిల్ల కొక్కిరాతలని దాటిపోతాం. ఇప్పుడు ఆ మూడింటినీ వరసగా చదివితే తల్లి పుట్టిన ఇల్లు, మనసుపడ్డ మనిషి, మెట్టిన ఇల్లు. చివరి నుంచి మొదటికి చదివితే కూతురి బతుకు: లింటన్‌గా పుట్టి, హీత్‌క్లిఫ్ కొడుకును కట్టుకుని, చివరకు ఎర్న్‌షా ఇంటి కోడలవుతుంది. కథ మొత్తం ఆ కిటికీ గట్టు మీద ముందే ఉంది.

తేదీల విషయానికొస్తే, కథ జరిగే కాలానికి నవల నేరుగా ఇచ్చిన సంవత్సరాలు మూడే: 1801, 1778, 1802. గుమ్మం మీద చెక్కిన 1500 వేరు. మిగతావన్నీ వయసుల్ని బట్టి, పంటకోతల్ని బట్టి, పుట్టినరోజుల్ని బట్టి కూడుకోవాలి. హేర్టన్ పుట్టింది 1778 వేసవిలో. చిన్న క్యాథీ పుట్టినరోజు మార్చి 20, తల్లి పోయింది కూడా ఆ రాత్రే. ఈ రెంటినీ మేకులు కొట్టినట్టు పటంలో పెట్టుకుంటే క్యాథరీన్ చావు 1784కు వస్తుంది, హిండ్లీ ఆ తర్వాత ఆరు నెలలకే పోతాడు, హీత్‌క్లిఫ్ 1802లో. లెక్క ఎక్కడా తప్పదు. సి.పి. సాంగర్ అనే బారిస్టరు 1926లో రాసిన వ్యాసంలో ఈ తేదీలనూ ఆస్తి చట్టాలనూ వరసపెట్టి సరిచూశాడు. అంతకాలం దాన్ని ఆవేశంతో రాసిన నవలగానే చెప్పుకున్నారు!

ఇప్పుడు అసలు సంగతి, హైట్స్ ఎలా చేతులు మారిందన్నది. మూడేళ్లు కనబడకుండా పోయిన హీత్‌క్లిఫ్ 1783లో డబ్బుతో తిరిగొస్తాడు. ఆ డబ్బు ఎక్కడిదో నవల చెప్పదు. తనను పశువులా చూసిన హిండ్లీ ఇంట్లోనే దిగి అతనితో పేకాడతాడు. హిండ్లీ తాగుబోతు, జూదరి. గజం కూడా మిగలకుండా భూమంతా తాకట్టు పెట్టి ఆడతాడు, తాకట్టు పట్టిందీ హీత్‌క్లిఫే. హిండ్లీ 27 ఏళ్లకే చనిపోయేసరికి పసివాడైన హేర్టన్‌కు మిగిలింది అప్పు. 17వ అధ్యాయంలో నాలుగు వాక్యాల్లో తేలిపోయే ఈ సంగతి దగ్గర ఆగి, పటంలో ఎర్ర పెన్సిల్‌తో బాణం గీయండి.

గ్రేంజ్ పోయిన తీరు ఇంకా మెలికలు తిరిగింది. అక్కడక్కడ దొర్లిన మాటలన్నీ కూడితే ఎడ్గర్ తండ్రి పెద్ద లింటన్ చేసిన ఏర్పాటు ఇలా ఉంది: ఎడ్గర్ జీవితకాలం అనుభవించాలి, అతనికి మగబిడ్డ పుడితే వాడికి, లేకపోతే ఆస్తి ఇసబెల్లాకు, ఆమె సంతానానికి. ఎడ్గర్‌కు ఆడపిల్ల పుట్టగానే, మనకు కథ చెప్పే పనిమనిషి నెల్లీ డీన్ మనసులో ముసలాయన్ని తిట్టుకుంటుంది. మొదటిసారి చదివేవాళ్లు దీన్ని పనిమనిషి సణుగుడుగా వదిలేస్తారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే కదా వచ్చింది! అంతకు ముందు తరం వాళ్లకు నెల్లీ సణుగుడు ఇట్టే అర్థమవుతుంది. ఇక పదో అధ్యాయం చూడండి. ఇసబెల్లా తనను ఇష్టపడుతోందని తెలియగానే హీత్‌క్లిఫ్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఆమె తన అన్నకు వారసురాలేనా అని. పెళ్లి తర్వాత చూపించిన క్రూరత్వానికి పునాది అక్కడే పడింది.

తర్వాత 21వ అధ్యాయం. తన కొడుకు లింటన్ చనిపోతే ఆస్తి ఎలాగూ తనకే వస్తుందని హీత్‌క్లిఫ్ లెక్కేసి చెబుతాడు. అయినా తగాదాలు రాకుండా చిన్న క్యాథీతో పెళ్లి చేయాలంటాడు. ఆస్తి బయటికి పోకూడదని కుదిర్చే మేనరికాల గురించి మన పెద్దలు అనే మాట ఇదే. చావు మంచం మీదున్న ఎడ్గర్ కూతురి డబ్బును ధర్మకర్తల చేతిలో పెడదామని గ్రీన్ అనే లాయర్‌కు కబురు పెడతాడు. ఆ లాయర్ అప్పటికే హీత్‌క్లిఫ్‌కు అమ్ముడుపోయాడు, అందుకే ఆలస్యంగా వచ్చాడు. పెళ్లితో భార్య చరాస్తి భర్తది అయిపోవడం నాటి ఇంగ్లండ్ చట్టం. అక్కడ ఆడవాళ్లకు ఊరట పూర్తిగా దొరికింది 1882లో. రోగిష్టి లింటన్ చేత ఆ చరాస్తంతా తండ్రి పేరిట రాయించుకుంటారు. మైనరు భూమిని వీలునామాలో రాయకూడదు, చరాస్తి రాయొచ్చు. 1837లో చట్టం మారేదాకా పద్నాలుగేళ్లు నిండిన కుర్రవాడికి ఆ హక్కు ఉండేది. కథాకాలం 1801 కాబట్టి రచయిత్రి తను రాస్తున్న నాటి చట్టాన్ని కాకుండా కథ నాటి చట్టాన్ని వాడింది. భూమిని మాత్రం హీత్‌క్లిఫ్ ఏదో హక్కు చెప్పి అట్టే పెట్టుకున్నాడని, చేతిలో డబ్బూ అండగా మనిషీ లేని క్యాథీ ఏం చేయగలదని నెల్లీ అంటుంది. కోర్టు ఖర్చుకు భయపడి పొలం వదులుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

హీత్‌క్లిఫ్ వీలునామా రాయకుండానే పోయాడు, కొడుకు లింటన్ అంతకుముందే పోయాడు కాబట్టి వారసులు లేరు. మరి హైట్స్ హేర్టన్‌కు ఎలా దక్కింది? తనఖా విడిపించుకునే హక్కుకు అక్కడి న్యాయస్థానాలు ఇరవై ఏళ్ల గడువు పాటించేవి. హిండ్లీ పోయింది 1784, హీత్‌క్లిఫ్ పోయింది 1802. పద్దెనిమిదేళ్లే అయింది. మన 1963 లిమిటేషన్ చట్టంలో ఈ గడువు 30 ఏళ్లు కాబట్టి ఇక్కడైనా హేర్టన్ హక్కు బతికే ఉండేది. గ్రేంజ్ విషయం న్యాయవాదులు ఇప్పటికీ వాదించుకోవచ్చు. లాయర్లైన మీ పాఠకులు దీని మీద రాస్తే సంతోషిస్తాను.

ఈ దోపిడీలో నన్ను అన్నిటికంటే కలచివేసేది భూమి పోవడం కాదు, హేర్టన్‌ను చదువు లేకుండా పెంచడం. 24వ అధ్యాయంలో హేర్టన్ గుమ్మం మీద చెక్కి ఉన్న తన పేరును కూడబలుక్కుని చదివి గర్వంగా నిలబడతాడు. మరి ఆ అంకెలో అని చిన్న క్యాథీ అడిగితే, అవింకా రావంటాడు. మూడు వందల ఏళ్ల కిందట తన పేరున్న పూర్వీకుడే కట్టిన ఇల్లది. ఆ ఇంటి తేదీ చదవలేనివాడు తనఖా పత్రం ఏం చదువుతాడు? క్యాథీ పక్కున నవ్వుతుంది. ఆ నవ్వుకు యవ్వనంలో మనమూ నవ్వేస్తాం. మళ్లీ చదివేటప్పుడు నవ్వు రాదు. 31లో అతను దాచుకున్న పుస్తకాల్ని ఆమె ఎగతాళి చేస్తే అవమానంతో వాటిని నిప్పుల్లో పడేస్తాడు. 32లో ఆమే పక్కన కూర్చుని మాట మాట దిద్దుతూ చదివిస్తుంది. 33లో జోసెఫ్ పెంచిన బ్లాక్‌కరెంట్ పొదలు పీకేసి ఇద్దరూ పూలమడి వేస్తారు. హీత్‌క్లిఫ్ గద్దిస్తే, నా భూమంతా తీసుకున్నావు, నాలుగు గజాల మన్నుకు ఏడుస్తావా అని క్యాథీ ఎదురు తిరుగుతుంది. అంతకు ముందు పటంలో గీసిన ఎర్ర బాణాలన్నీ ఆ ఒక్క మాటలో చేరతాయి.

చదివే వేగం సంగతి. ఒక్క రాత్రిలో చదివేస్తే మళ్లీ గాలివాన, దెయ్యం మాత్రమే మిగులుతాయి. 1 నుంచి 3, 4 నుంచి 9, 10 నుంచి 17, 18 నుంచి 31, 32 నుంచి 34 అని ఐదు విడతలు చేసుకోండి. నాలుగో విడతే పెద్దది, విసుగనిపించేదీ అదే. హీత్‌క్లిఫ్ అసలు రూపం కనబడేదీ అందులోనే. 27లో అతను చిన్న క్యాథీని రెండు చెంపలూ వాయగొట్టే చోటు వస్తుంది. ఆ పేజీ చదివాక అతన్ని నాయకుడని ఎవరైనా అనగలరేమో చూడండి.

నెల్లీ మాటల పక్కన కూడా పెన్సిల్ గుర్తులు పెట్టాలి. కథ చెబుతున్నది ఆవిడే, కథ నడిపిందీ చాలావరకు ఆవిడే. తొమ్మిదో అధ్యాయంలో క్యాథరీన్ ఎడ్గర్‌తో పెళ్లి గురించి చెబుతుండగా హీత్‌క్లిఫ్ వింటున్నాడని, సగంలో లేచిపోయాడని ఆవిడకు తెలుసు. సమయానికి క్యాథరీన్‌కు చెప్పదు. పన్నెండులో క్యాథరీన్ జబ్బు ఎంత ముదిరిందో ఎడ్గర్‌కు చెప్పదు. జోసెఫ్ యాస మింగుడుపడకపోతే పైకి చదవండి. రాసిన తీరు వినికిడిని బట్టి ఉంది కాబట్టి కంటికన్నా చెవికి త్వరగా అందుతుంది.

మీకు రెండు విన్నపాలు. ఈ నవల గురించి మళ్లీ రాసినప్పుడు 17 తర్వాతి అధ్యాయాల గురించి కూడా రాయించండి. కుదిరితే రెండు కుటుంబాల వంశవృక్షాన్ని సంవత్సరాలతో, వరసలతో పావు పేజీలో అచ్చువేయండి. పాఠకులు కత్తిరించి పుస్తకంలో పెట్టుకుంటారు. డెల్టాలోని శాఖా గ్రంథాలయాలు కూడా కొత్త పుస్తకాలు తెప్పించేటప్పుడు సంక్షిప్త ప్రతితో సరిపెట్టకుండా 34 అధ్యాయాలదీ ఒకటి కొని పెడితే మేలు.

— పాఠకుడు, అమలాపురం