మాజీ సైనికుల ముందుచూపు వార్డు వార్డుకూ అందాలి

ఆపద ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలో మాజీ సైనికులకు ఉన్న సిద్ధపాటు మనలాంటి మామూలు జనానికి లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఇది కళ్లారా చూశాను. మా పక్కింటి రిటైర్డ్ హవల్దారుగారు నీరు గుమ్మం తాకకముందే కరెంటు మెయిన్ ఆపేసి, గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసేసి, మంచినీళ్ల బిందెలు, మందులు మేడ మీదికి చేర్చారు. ఇంటి దస్తావేజులు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు ఆయన ఎప్పుడూ ఒకే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచుతారట. మేమేమో టీవీ ఎత్తాలా, బియ్యం బస్తా ఎత్తాలా అని కంగారుపడుతూ కాగితాలన్నీ బీరువా అడుగునే వదిలేశాం. మా అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా తడిసి ముద్దయింది. ఆయనేం మాకంటే ఉన్నవారు కాదు, అలవాటే తేడా. ఏటా జూన్‌లో, వానలు ముదరకముందే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఇలాంటి మాజీ సైనికులను పిలిపించి ప్రతి వార్డు సచివాలయంలో ఒక పూట శిక్షణ ఇప్పించాలి. విపత్తుల్లో సాయపడేందుకు శిక్షణ ఇచ్చే ‘ఆపద మిత్ర’ పథకం వాలంటీర్ల ఎంపికలోనూ వీరికి ముందు చోటు ఇవ్వాలి. ఈ పని ఉచితంగా చేయించుకోకుండా గౌరవ వేతనం చెల్లించాలి.

– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ