సావనీర్ పేజీలు కడుతున్నవాళ్లు తప్పక చూడండి

అందరికీ నమస్కారం.

ప్రెస్‌కి పంపిన పేజీలు అక్కడ తెరుచుకోలేదు. ఫైళ్లేమీ పాడవలేదు, టెన్షన్ వద్దు. ప్రెస్‌లో ఉన్నది ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) సీఎస్6, అంటే 2012 నాటి వెర్షన్. మనలో చాలామంది దాని తర్వాత వచ్చిన సీసీలో కడుతున్నాం. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఐఎన్‌డీడీ (ఇన్‌డిజైన్ మామూలు ఫైలు రకం) ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. ఎక్స్‌టెన్షన్ మార్చి పంపినా లాభం లేదు, ఎవరూ ఆ ప్రయోగం చేయకండి 🙂

మరి ఏం చేయాలి?
ఫైల్ మెనూలో ప్యాకేజ్ నొక్కండి, పేజీల ఫైలు, ఫొటోలు, ఫాంట్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి వస్తాయి. ఆ విండోలోనే ఐడీఎంఎల్‌కీ, పీడీఎఫ్‌కీ విడివిడిగా టిక్ బాక్సులుంటాయి. రెండూ పెట్టండి. ఐడీఎంఎల్‌ని సీఎస్4 నుంచి వచ్చిన వెర్షన్లన్నీ తెరుస్తాయి.

ఐడీఎంఎల్ ఒక్కటే పంపితే ఫొటోలు రావు, ఫాంట్లూ రావు. ప్యాకేజ్ ఫోల్డర్ మొత్తం జిప్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. అను ఫాంట్లు (తెలుగు డీటీపీ ఫాంట్లు) వాడినవాళ్లు ఏ ఫాంటో పేరు కూడా రాయండి. ప్రెస్‌లో ఆ ఫాంటు లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలైపోతుంది.

పాత వెర్షన్‌లో తెరిచినప్పుడు ఒక్కోసారి లైన్లు జరుగుతాయి, పేరా చివరి మాట కింది లైన్లోకి దిగుతుంది. సరిచూసుకోవడానికే ఆ పీడీఎఫ్. పద్యాల పేజీలు కట్టినవాళ్లు మరీ జాగ్రత్త, పాదం విరిగితే కవిగారు ఊరుకోరు.

గడువు: శుక్రవారం సాయంత్రం 6 గంటలు. పెట్టాక మీ పేజీ నంబర్లు ఇక్కడ రాయండి.

వర్డ్‌లో వ్యాసాలు పంపేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, ఎప్పటిలాగే పంపండి.

ఒరిజినల్ ఐఎన్‌డీడీ మాత్రం ఎవరూ డిలీట్ చేయొద్దు. 🙏