షాకులు కాదు, ఫ్రేము చూడండి

సంపాదకులకు,

పదిహేను వేలలోపు మొదటి మౌంటెన్ బైక్ కొనేవారు ముందూ వెనకా షాకులు (కుదుపులు తగ్గించే స్ప్రింగులు) ఉన్నదానికే మోజుపడుతున్నారు. ఆ ధరలో వెనక షాక్ ఉత్త బరువు. తొక్కిన బలంలో కొంత స్ప్రింగే మింగేస్తుంది, దాని కీళ్లలోని తొడుగులు (బుషింగులు) అరిగి కిర్రుమంటాయి. ముందు ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టుకునే కవ్వలో) షాకుంటే చాలు. అదీ లేకపోతే 2.1 అంగుళాల టైరులో గాలి 30 పీఎస్ఐకి తగ్గించండి, గతుకులు చాలావరకు తెలియవు.

ఇక ఫ్రేము సంగతి. సైకిలుకు అటూ ఇటూ కాళ్లు వేసి నేలమీద నిలబడితే ఫ్రేము పై గొట్టానికీ మనకూ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. ‘పెరిగే పిల్లాడు’ అని పెద్ద ఫ్రేము కొంటే, సడెన్ బ్రేకులో దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు.

వెనక హబ్ (చక్రం నడిబొడ్డు) క్యాసెట్ రకమా, అంటే ఫ్రీవీలు యంత్రం హబ్‌లోనే ఉండి పళ్లచక్రాలు దానిమీదికి ఎక్కేదా, లేక పళ్లచక్రాలతో సహా ఫ్రీవీలు మొత్తం హబ్‌కు మరతో బిగించేదా అడగండి. మర ఫ్రీవీలయితే కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది కాబట్టి రాళ్లదారిలో ఇరుసు వంగుతుంది. డిస్కు బ్రేకు కేబులుదైనా ఫర్వాలేదు. హెల్మెట్‌కు డబ్బు మిగుల్చుకోండి.

– ఒక సైకిల్ మెకానిక్, హైదరాబాద్